తప్పెటా, గోడ బొమ్మా, నాటికా, ఫోనా: ఊరి పిల్లల బృందానికి ఏది నప్పుతుంది?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పేదింటి పిల్లలతో కళా బృందం కట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ‘ఏ కళ నేర్పుదాం?’ అని. అది మూడో ప్రశ్న కావాలి. మొదటిది, సాయంత్రం ఐదున్నరకి ఆ ఊళ్లో ఏ పిల్లలు ఖాళీగా దొరుకుతారు? రెండోది, ఏడింటికి వాళ్లని ఇళ్లకి ఎవరు చేరుస్తారు? ఈ రెండూ తేల్చుకోకుండా మొదలెట్టిన బృందం మూడో వారానికి సగమైపోతుంది. గురువు మంచివాడే, పిల్లలకి ఇష్టమే. కానీ ఒక గుంటడు మేకల్ని తోలుకురావాలి, ఒక పిల్ల నీళ్లు పట్టాలి, ఇంకొకడు ఆఖరి బస్సు పట్టుకోవాలి. కాబట్టి కింద చెప్పే ప్రతి కళనీ అందంతో కాదు, హాజరుతో తూచాం.

ఇక్కడ చెబుతున్నది పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల గురించి. బడి మానేసినవాళ్లు, పనికి పోతున్నవాళ్లు, హాస్టల్లో ఉండి సెలవులకి ఇంటికొచ్చేవాళ్లు ఇందులోకే వస్తారు.

ముందు క్యాలెండరు

కళ ఎంచుకునే ముందు ఊరి పనుల లెక్క ఒక కాగితం మీద వేసుకోండి. వరి ఊళ్లలో జులై, ఆగస్టు నాట్లకి, నవంబరు, డిసెంబరు కోతలకి పోతాయి. పది, ఇంటరు పిల్లలు జనవరి దాటాక పరీక్షలు అయ్యేదాకా దొరకరు. వలస పోయిన అన్నలు, అక్కలు, అమ్మానాన్నలు సంక్రాంతికి ఇళ్లకొస్తారు కాబట్టి ప్రదర్శనకి ఆ నాలుగు రోజుల్ని మించినవి లేవు. కానీ పండగ అవగానే బృందంలో పెద్ద కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు వాళ్లతో పాటే చెన్నైకో హైదరాబాదుకో రైలెక్కేస్తారు. ఆర్నెల్ల పథకం వేసి అందులో సంక్రాంతిని మధ్యలో పెట్టుకుంటే రెండో సగం ఖాళీ కుర్చీలతో నడపాల్సి వస్తుంది. పండగతో ముగిసేలా లెక్క వేసుకోండి.

మత్స్యకార ఊళ్లకి వేరే లెక్క. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు బోట్లకి వేట నిషేధం. ఆ రెండు నెలలు తండ్రులు ఒడ్డునే ఉంటారు, బడులకీ సెలవులు. అంత తీరుబడి ఏడాదిలో మళ్లీ రాదు. ఎండ మాత్రం చంపేస్తుంది, అందుకే సాయంత్రం ఐదు తరువాతే మొదలెట్టాలి.

పలాస చుట్టుపక్కల జీడి పని చేసే ఇళ్ల పిల్లల విషయంలో ఒక సంగతి బయటివాళ్లకి తట్టదు. జీడి పెంకులోని నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. తల్లితో పాటు గింజ కొట్టిన పిల్ల వేళ్ల చివర్లు నల్లగా, తోలు లేచి ఉంటాయి. ఆ చేతుల్లో కోలాటం కర్ర పెట్టి గంట సేపు కొట్టించడం హింస. కర్ర పట్టుకునే చోట పాత నూలు గుడ్డ రెండు చుట్లు చుట్టండి, లేదా ఆ పిల్లకి పాట ఇవ్వండి. మొదటి రోజు అందరి చేతులూ చూడటం వల్ల నష్టమేమీ లేదు.

తప్పెటగుళ్లు

ఉత్తరాంధ్ర సొంత కళ ఇది. రేకుతో చేసిన గుండ్రటి తప్పెటని మెడలోంచి రొమ్ము మీదికి వేలాడదీసుకుని, కాళ్లకీ నడుముకీ గజ్జెలు కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ వలయంగా ఆడతారు. మధ్యలో నాయకుడు పాటెత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఊరికే తిరుగుతుండే కుర్రాళ్లని కట్టిపడేయడంలో దీనికి సాటి లేదు. ఒంట్లో ఉన్న బలమంతా వాడుకుంటుంది, చదువు రాకపోవడం ఇక్కడ లోటే కాదు.

కనీసం పన్నెండు మంది కావాలి, పద్నాలుగు ఉంటే నయం, ఎందుకంటే ఏ రోజైనా ఇద్దరు రారు. ముందే పద్నాలుగు తప్పెటలు కొనకండి. ఎనిమిది చాలు. మొదటి రెండు వారాలు సగం మంది చప్పట్లతో, సగం మంది తప్పెటతో, వంతులు మార్చుకుంటూ చేయాలి. రెండు వారాల తరువాత ఎవరు నిలిచారో తెలుస్తుంది, అప్పుడు మిగతావి కొనొచ్చు. కొనేటప్పుడు రేకు అంచు మీద బొటనవేలు నెమ్మదిగా తిప్పి చూడండి. గరుకుగా ఉంటే ఆకురాయితో రాయించాకే తీసుకోండి, లేకపోతే మొదటి వారమే చేతులు కోసుకుంటాయి. వారానికి మూడు రోజులు, రోజుకి గంటంబావు చొప్పున చేస్తే, పదిహేను నిమిషాల ఆట పది పన్నెండు వారాల్లో నిలబడుతుంది.

ఎక్కువగా చెడేది లయ. కుర్రాళ్లు గట్టిగా కొట్టాలని చూస్తారు, గట్టిగా కొట్టినకొద్దీ వేగం పెరుగుతుంది, ఐదో నిమిషానికి పాట అందదు. నాయకుడు అరిచినా ప్రయోజనం ఉండదు, ఆ రేకుల మోతలో వినపడదు. వలయం నడుమ ఒక పిల్లనో పిల్లాడినో చెక్కతాళంతో నిలబెట్టి, అందరి కళ్లూ ఆ చేతి మీదే ఉండేలా అలవాటు చేయాలి. వారంలో ఒక రోజు తప్పెట ముట్టకుండా ఉత్త అడుగులతో, నోటి లెక్కతోనే సాగనివ్వండి. బడి గదిలో సాధన వద్దు, రేకు మోత గోడలకి తగిలి చెవులు గింగురుమంటాయి. సిమెంటు నేల మీద ఎగిరితే మడమలు, మోకాళ్లు పట్టేస్తాయి. కళ్లం నేల మంచిది. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కే గోపురం విన్యాసాలు చూడ్డానికి బాగుంటాయి గానీ మొదటి ఏడాది అవి లేకుండానే ఆడించండి. కావాలంటే రెండంతస్తులు, అదీ ఇసుక మీద, కింద పెద్ద కుర్రాళ్లు కాపు కాస్తుండగా.

ఇంకో సంగతి చెప్పకుండా దాటవేయలేం. ఈ కళ తరాలుగా గొల్లలది. వేరే వీధి పిల్లల్ని కూడా కలుపుతున్నామని బృందం పెద్దలకి ముందే, నేరుగా, వాళ్లింటికే వెళ్లి చెప్పాలి. చాలాచోట్ల ఒప్పుకుంటారు, నేర్చుకునేవాడు దొరకడమే కరువైన రోజులివి. కానీ ‘దళిత పిల్లలకి డప్పు, మిగతావాళ్లకి తప్పెట’ అని వాయిద్యాలు పంచితే ఊరి గీతనే వలయంలోకి తెచ్చి గీసినట్టు. రెండు వాయిద్యాలూ అందరి చేతా వాయించాలి. దానికి గురువు ఒప్పుకోకపోతే గురువుని మార్చాలి.

ఆడపిల్లలు? ఆనవాయితీగా మగవాళ్ల ఆటే. ఆడపిల్లలతో కట్టొచ్చు, కానీ మొదటి ఏడాదే వాళ్లని దీనితో దింపితే ఇళ్లతో పోరాటమే పనవుతుంది.

కోలాటం, జముకుల కథ

ఆడపిల్లల్ని గడప దాటించడానికి కోలాటం తేలిక తోవ. గుడి ముందు ఆడతారు, అమ్మలూ వస్తారు, ఎవరూ ప్రశ్నించరు. మంది సరిసంఖ్యలో ఉండాలి, ఎనిమిది జతలు బాగుంటాయి, అదనంగా ఒక జతని తయారుగా ఉంచుకోవాలి. దీని బలహీనత కూడా అక్కడే ఉంది: గుడి పాటలు, ఒకే రంగు చీరలు, ఊరేగింపు, ఇంతటితో ఆగిపోతుంది. పిల్లలు తమ మాట చెప్పుకునే చోటు ఉండదు. నాలుగు పాటల్లో ఒకటి పిల్లలే కట్టుకున్నది ఉండాలని మొదటే షరతు పెట్టుకోండి.

పిల్లలు మరీ తక్కువున్న చిన్న ఊళ్లకి, కొండ కింద గూడేలకి జముకుల కథ సరిపోతుంది. ముగ్గురుంటే చాలు: కథ చెప్పేవారు, ఇద్దరు వంతలు. కుంచం లాంటి గొట్టానికి ఒక వైపు తోలు బిగించి, దాని నడుమ నుంచి లాగిన తీగని మీటుతుంటే ‘జముకు జముకు’ అని పలుకుతుంది. తీగని బిగించి వదులుతూ స్వరం మార్చడమే కష్టం, దానికే నెల పడుతుంది. వంత పాడే పిల్లకి ‘ఊఁ కొట్టడం’ దగ్గర మొదలై, ఎదురు ప్రశ్న వేయడం, వెక్కిరించడం దాకా చోటుంది. సిగ్గరి పిల్లల నోరు తెరిపించడానికి ఇది మందు.

వీధి నాటిక

ఖర్చు లేనిది, కాబట్టి తేలికనుకుంటారు. నిజానికి వీటన్నిటిలో నడిపేవాడి నేర్పు ఎక్కువ కావాల్సింది ఇదే. పది పన్నెండు మంది పిల్లలు, ఇరవై నిమిషాల నాటిక, ఎనిమిది వారాలు.

రాసిన సంభాషణలతో మొదలెట్టొద్దు. కాగితం చేతికిస్తే చదవగలిగినవాడే కథానాయకుడవుతాడు, బడి మానేసినవాడు మొదటి రోజే వెనక్కి జరుగుతాడు. ఒక సందర్భం చెప్పండి: రేషను వరసలో గొడవ, పెళ్లి చూపులకి బడి మానిపించిన పిల్ల, తాగొచ్చిన తండ్రి, బోరు దగ్గర బిందెల వరస. ఇద్దరిద్దర్ని లేపి రెండు నిమిషాలు ఆడమనండి. బాగా పడిన మాటల్ని ఒకరు ఫోనులో రికార్డు చేస్తారు. నాలుగో వారానికి నాటిక దానంతటదే కట్టుబడుతుంది.

యాసని దిద్దొద్దు. ‘ఏటి సేస్తన్నావు?’ అన్న మాటని ‘ఏమి చేస్తున్నావు?’ అని మార్చిన క్షణాన జనం నవ్వడం మానేస్తారు. వాడుక మాటలతో ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలోనే మొదటిసారి ఆడారు. ఆ జిల్లాలో పిల్లల యాసకి సిగ్గుపడాల్సిన పనేముంది?

ప్రమాదం ఒకటుంది. పిల్లలు నిజం ఆడతారు. పక్కవీధిలో జరిగిందే తెస్తారు, అది ఎవరి సంగతో ఊరంతటికీ తెలిసిపోతుంది, మర్నాడు ఆ పిల్లకి ఇంట్లో దెబ్బలు పడతాయి. అందుకే మూడు కట్టుబాట్లు: పేరు, వీధి, వృత్తి మూడూ మార్చాలి. తన ఇంటి కథని ఆ పిల్ల తానే ఆడకూడదు. ప్రదర్శనకి వారం ముందు నలుగురు తల్లులకి చూపించాలి. సాధనలో ఎవరైనా ఇంట్లో కొడుతున్నారనో, ఎవరో చేయి వేశారనో చెబితే అది నాటిక వస్తువు కాదు, పిల్లల హెల్ప్‌లైను 1098కి చేయాల్సిన ఫోను. అలాంటి మాట వచ్చినప్పుడు ఏం చేయాలో నిర్వాహకులకి మొదటి రోజే తెలిసి ఉండాలి. సాధన జరిగినంత సేపూ ఇద్దరు పెద్దవాళ్లు, అందులో ఒకరు ఆడమనిషి, అక్కడ ఉండటం ఏ కళకైనా తప్పనిసరి.

ఆడే చోటు పదిహేను అడుగుల వలయం. వెనక గోడ ఉండాలి, గొంతు గాల్లో కలిసిపోకుండా. గాలి నటుల వెనక నుంచి జనం వైపు వీచేలా నిలబడాలి. మైకు పెట్టారంటే పిల్లలందరూ మైకు దగ్గరే నిలబడిపోతారు, కదలిక చచ్చిపోతుంది.

గోడ బొమ్మలు

మిగిలే కళ. ఆట అయిపోతే పోతుంది, గోడ రోజూ కనిపిస్తుంది. అయితే ఇందులో పిల్లల పని కంటే గోడ పని ఎక్కువ, పాడయ్యేదీ అక్కడే.

ఎంచుకున్న గోడ మీద రెండడుగుల పాలిథీన్ ముక్కని నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజంతా ఉంచండి. లోపల చెమట పడితే గోడలో చెమ్మ ఉన్నట్టే, ఇంకో గోడ చూసుకోండి. తీరప్రాంత ఊళ్లలో ఉప్పు తేలి తెల్లటి పొడి రాలే గోడలు చాలా ఉంటాయి. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా వానలు పడగానే పొరలు పొరలుగా లేస్తుంది. కొత్తగా ప్లాస్టరు చేసిన గోడని కనీసం నెల ఆరనివ్వాలి. సున్నం కొట్టిన గోడైతే ఇనుప బ్రష్షుతో రాలినంతా రాల్చి, కడిగి, ఆరాక ప్రైమరు వేయాలి. పాత ఎనామిల్ రంగులో సీసం ఉండే అవకాశముంది. దాన్ని పొడిగా గోకించొద్దు, తడిపి గోకాలి, ఆ పని పెద్దవాళ్లే చేయాలి.

ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు గోడ, అంటే 160 చదరపు అడుగులకి ఇంత సరుకు పడుతుంది: ప్రైమరు 2 లీటర్లు, బయటి గోడలకి వేసే తెల్ల ఎమల్షన్ రెండు పూతలకి మూడున్నర లీటర్లు, ముదురు ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు అర లీటరు చొప్పున తయారు రంగులే. డబ్బు మిగులుతుందని తెల్ల రంగులో స్టెయినర్ (చిక్కటి రంగు ద్రవం) కలుపుకుంటూ పోయి ముదురు రంగు చేద్దామనుకోవద్దు. లీటరుకి 50 మి.లీ. మించితే సరిగా ఆరదు, తడి చేత్తో తుడిస్తే వచ్చేస్తుంది. లేత రంగులకే స్టెయినర్. బ్రష్షులు నాలుగంగుళాలవి రెండు, రెండంగుళాలవి నాలుగు, అంగుళంవి ఆరు, గీతలకి సన్నవి ఆరు.

బొమ్మ ముందు కాగితం మీద, అంగుళానికి ఒక అడుగు లెక్కన. గోడ మీద రంగుపొడి అద్దిన దారం లాగి కొట్టి, అడుగు గళ్లు వేసుకోవాలి. ఒక్కో పిల్లకి కొన్ని గళ్లు అప్పగిస్తే చేయి తిరిగినవాడొక్కడే అంతా వేసేయడం ఆగుతుంది. ఒకేసారి గోడ దగ్గర ఐదుగురికి మించి పట్టరు. పన్నెండు మంది ఉంటే మిగతా ఏడుగురికి పని ముందే రాసి పెట్టుకోండి, లేకపోతే వాళ్లు మర్నాడు రారు. ఆరడుగుల పైన పెద్దవాళ్లే వేయాలి.

అక్టోబరులో మొదలెట్టొద్దు. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న, హుద్‌హుద్ వచ్చింది 2014లో సరిగ్గా అదే వారంలో. డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా, మంచు ఆరాక ఎనిమిదింటి నుంచి పదకొండింటి దాకా, ఎండ నేరుగా పడని గోడ మీద. పడమటి గోడ మీద మధ్యాహ్నం వేస్తే రంగు బ్రష్షు మీదే ఆరి చారలు పడుతుంది. పంచాయతీ గోడైతే తీర్మానం కాగితం, బడి గోడైతే హెడ్మాస్టరు సంతకం చేతిలో పెట్టుకున్నాకే డబ్బా మూత తీయండి.

మందస, మెళియాపుట్టి వైపు సవర గిరిజనుల ఊళ్లలో అయితే ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు ఉన్నాయి. అవి అలంకారం కోసం పుట్టినవి కావు, పూజతో ముడిపడినవి. ఏ బొమ్మ బయటి గోడ మీదికి రావచ్చో, ఏది రాకూడదో ఊరి పెద్దల్ని అడిగాకే, అదీ సవర పిల్లల చేతే వేయించాలి. అట్ట మీద నమూనా కత్తిరించి అచ్చుగుద్దడం కళ నేర్పడం కాదు.

ఫోను వీడియో

పిల్లలకి అన్నిటికంటే మోజు దీని మీదే, అందుకే చివర్లో పెట్టాం. నలుగురికి ఒక ఫోను చొప్పున మూడు ఫోన్లు, పన్నెండు మంది. ఫోన్లు బృందానివై ఉండాలి. సొంత ఫోను తెచ్చుకోమంటే ఆడపిల్లలు, మరీ పేదవాళ్లు ఆ రోజే తప్పుకుంటారు. మంచి నాణ్యతతో తీస్తే నిమిషానికి సుమారు 100 నుంచి 150 ఎం.బీ. పడుతుంది, 32 జీబీ కార్డు మూడున్నర నుంచి ఐదు గంటల్లో నిండిపోతుంది. కాబట్టి ఏ రోజు తీసింది ఆ రోజే చూసి పనికిరానివి తీసేయాలి.

బొమ్మ బాగా వస్తుంది, మాట వినపడదు. ప్రతి బృందానికీ ఇదే తిప్పలు. కళింగపట్నం, భావనపాడు ఒడ్డున గాలిలో మైకు పట్టుకుంటే హోరు తప్ప ఏమీ రాదు. కాలరుకి పెట్టే వైరు మైకు కొని, దానికి చిన్న స్పాంజి ముక్క తొడిగి, గాలికి వీపు పెట్టి, వరండాలో కూర్చోబెట్టి మాట్లాడించాలి. గుడి మైకు మోగే వేళ తీయొద్దు.

మూడు నిమిషాల బొమ్మకి వస్తువు చిన్నదై ఉండాలి. ‘మత్స్యకారుల జీవితం’ కాదు, ‘మా తాత వల అల్లే సూది’. ఆ సూది, వల కన్ను, తాత వేళ్లు, ఆయన మాట, చివరికి పడవ. ఐదు షాట్లు.

తీసింది ఇంటర్నెట్‌లో ఎక్కడా ఎక్కించొద్దు. పద్దెనిమిది నిండని పిల్లల ముఖాలు అందరూ చూసేచోట పెట్టాలంటే తల్లిదండ్రుల రాత అనుమతి ఉండాలి, ఉన్నా మేం వద్దనే అంటాం. ఆడపిల్ల వీడియో కింద ఒక్క వెకిలి వ్యాఖ్య చాలు, ఆ ఊళ్లో ఇంకే ఆడపిల్లా బృందానికి రాదు. దుప్పటి కట్టి, ప్రొజెక్టరు అద్దెకి తెచ్చి, చీకటి పడ్డాక రామమందిరం దగ్గర చూపించండి.

మరి ఏది?

మగపిల్లలు ఎక్కువ, పక్క ఊళ్లోనే గురువు, చేతిలో నాలుగు నెలలు: తప్పెటగుళ్లు, సందేహం అక్కర్లేదు. ఆడపిల్లలు సగానికి పైగా ఉండి ఇళ్లు ఇంకా నమ్మకపోతే మొదటి మూడు నెలలు కోలాటం, ఆ పిల్లలతోనే తరువాత నాటిక. అమ్మలు అప్పటికే మీ మొహం చూసి ఉంటారు. నడిపేవాళ్లకి ఇలాంటి పనిలో అనుభవం లేకపోతే నాటికతో మొదలెట్టొద్దు, గోడతో మొదలెట్టండి. గోడ చెడితే మళ్లీ సున్నం కొట్టొచ్చు. కలిసేది శని, ఆదివారాలే అయితే గోడ, ఫోను నడుస్తాయి, తప్పెట నడవదు. వారానికి మూడు రోజులు చేయి పడకపోతే లయ నిలవదు. నడవలేని పిల్లలుంటే జముకు, చెక్కతాళం, ఫోను. ‘చూస్తూ కూర్చో’ అనొద్దు.

రెండు కళలు ఒకేసారి మొదలెట్టే ఉత్సాహం ఉంటే మానుకోండి, పిల్లలు చీలిపోతారు.

డబ్బు విషయం. ఉన్నదాంట్లో సగం గురువుకీ రానుపోను ఖర్చులకీ పక్కన పెట్టాకే సామాను లెక్క మొదలవ్వాలి. గురువుకి ముగింపు రోజు శాలువా కప్పి చేతులు దులుపుకునే అలవాటు మనది. ఆయన ఆ సాయంత్రం కూలి మానుకుని వస్తున్నాడు. వారం వారం, అనుకున్న మొత్తం, చేతిలో పెట్టాలి. పిల్లలకి ప్రతి సాధనకీ ఏదో ఒకటి తినడానికి ఉండాలి: ఉడకబెట్టిన శనగలో, వేరుశనక్కాయలో, ఒక అరటిపండో. మధ్యాహ్నం బడి భోజనం తరువాత రాత్రిదాకా ఏమీ తినని పిల్ల ఆరున్నరకి కళ్లు తిరిగి కూర్చుంటే అది బద్ధకం కాదు.

సామాను ఎక్కడ పెడతారన్నది కూడా మొదటి రోజే తేల్చుకోండి. తప్పెటలు నేల మీద దొంతరగా పెడితే అడుగున ఉన్నవి తుప్పు పడతాయి, సముద్రం దగ్గర ఇంకా త్వరగా. పొడిగుడ్డతో తుడిచి, మేకులకి విడివిడిగా వేలాడదీయాలి. గజ్జెలు విప్పగానే సంచిలో కుక్కితే చెమటకి పట్టీ కుళ్లుతుంది, ఒక రాత్రి తీగ మీద ఆరనివ్వాలి. గది తాళంచెవులు రెండు: ఒకటి పంచాయతీలో, రెండోది బృందంలోని పిల్లల దగ్గర, నెలకొకరు చొప్పున.